పదకొండో నంబరు బండికి ఐదు మార్కులు

హిల్మా స్టెన్‌వాల్ ఇంతవరకూ దేనికీ పదికి పది వెయ్యలేదు. పెళ్ళిరోజున కొత్త సూటు తొడుక్కొచ్చి, ఎలా ఉన్నానని మురిసిపోతూ అడిగిన ఐనార్‌కి ఏడున్నర వేసింది. అర మార్కు టై వంకరగా ఉన్నందుకు పోయిందట. మిగతా రెండూ దేనికి పోయాయో అతను ముప్పై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు, ఆమె చెప్పదు. అయినా ఉత్తర ధ్రువానికి దగ్గరున్న వాళ్ళ ఊరు అర్యెప్లోగ్‌లో ఏడున్నర అంటే మాటలు కాదు. ఆరు నెలల చలి తర్వాత ఎండ కాస్తే "ఫర్వాలేదు" అని ఊరుకునే జనం వాళ్ళు.

మార్కులు వెయ్యడం హిల్మాకి సరదా కాదు, ఉద్యోగం. ఏటా సరస్సు గడ్డకట్టి లారీని మోసేంత మందం కాగానే, జర్మనీ నుంచి కార్ల కంపెనీల వాళ్ళు దిగుతారు. ఇంకా బజారుకి రాని బళ్ళకి నలుపు తెలుపు గీతల స్టిక్కర్లు అంటించి, మంచు మీద పొద్దస్తమానం జారిస్తారు. జారకుండా ఆపే యంత్రం పనిచేస్తుందో లేదో తెలియాలంటే జారించడం తప్ప దారి లేదు. ఆ యంత్రం పేరు ఈఎస్‌సీ. మనిషి స్టీరింగు ఎటు తిప్పాడో చూస్తుంది, బండి నిజానికి ఎటు పోతోందో చూస్తుంది. రెండూ కలవలేదంటే నాలుగు చక్రాల్లో ఏదో ఒకదానికి చటుక్కున బ్రేకు వేసి బండిని దారిలో పెడుతుంది. ఎప్పుడు పట్టాలో, ఎంత గట్టిగా పట్టాలో ఇంజినీర్లు దానికి నేర్పుతారు. అది బుద్ధిగా నేర్చుకుందా లేదా అన్నది హిల్మా నడిపి చెప్పాలి. కంప్యూటరు గీతలు గీస్తుంది, హిల్మా నంబరు చెబుతుంది. ఇరవై మూడు చలికాలాలుగా ఇదే వరస.

ఆ ఫిబ్రవరి మంగళవారం, సున్నాకి ఇరవై ఎనిమిది డిగ్రీలు కిందనున్న పొద్దుట, ఆమె పదకొండో నంబరు బండి దిగి, "ఐదు" అంది.

ఇంజినీరు హెన్నింగ్ ఒళ్ళోని కంప్యూటరు మీంచి తలెత్తాడు. మనిషి చక్కనివాడు, పనిమంతుడు, ముప్పై రెండేళ్ళవాడు. లోకంలో ఉన్న సమస్తమూ ఏదో ఒక షీటులో రాసి ఉంటుందని గట్టిగా నమ్మేవాడు.

"ఎంత?"

"ఐదు."

"పదికా?"

"మరి ఐదుకి ఐదనుకున్నావా?"

"హిల్మా, నిన్న ఏడో నంబరు బండికి ఎనిమిది వేశావు. ఇదీ అదే మోడలు. ప్రోగ్రాం అదే, దారి అదే. నేను ఆరు వారాలు కూర్చుని చుక్క చుక్కా సరిచేసిన ప్రోగ్రాం!"

"నిన్న ఎనిమిది. ఇవాళ ఐదు. మంచు మీంచి తారు ఎక్కే మలుపులో దీని తోక ఆలోచిస్తోంది."

"తోక ఆలోచించడమేంటి?"

"మూతి తిరిగింది కదా, నేనూ తిరగాలా వద్దా అని. అలా నానుస్తూ నానుస్తూ ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. అప్పుడు నీ యంత్రానికి మెలకువొచ్చి బ్రేకు మీద బ్రేకు కొడుతుంది. నా పళ్ళు కదిలాయి. పైగా తడి చేతితొడుగులు ఒళ్ళో పెట్టుకుని నడపాల్సొచ్చింది."

"దానికీ మార్కులు కోశావా?"

"లేదు. ఇంకా ఊరుకున్నాను."

ఆ మలుపు సామాన్యమైంది కాదు. సగం దూరం నున్నటి మంచు. మిగతా సగం అడుగునుంచి వేడి పెట్టి పొడిగా ఉంచే తారు. మంచు మీద ఊరికే జారుతున్న టైరు తారు తగలగానే దాన్ని కరిచి పట్టుకుంటుంది. ఆ క్షణంలో బండి ఒళ్ళంతా మెలిపెట్టినట్టవుతుంది. అక్కడ యంత్రం తడబడితే కొనుక్కున్నవాడు గుంటలో పడతాడు.

హెన్నింగ్ కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు. గీతలన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. లెక్క ప్రకారం ఎనిమిదికి తక్కువ రావడానికి వీల్లేదు. హెన్నింగ్‌కి కోపం వస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. రాజుగారికి తప్ప అందరికీ 'నువ్వు' చెల్లే ఆ దేశంలో అదొక్కటే తిట్టు.

"మీకు రూలు తెలుసనుకుంటాను, హిల్మా గారూ" అన్నాడు. "ఒకే ప్రోగ్రాముకి ఒకే డ్రైవరు వేసిన మార్కుల్లో ఒకటికి మించి తేడా వస్తే..."

రూలు ఆమెకి తెలుసు. తేడా వస్తే ఆ డ్రైవరు మార్కులు వేసేవాళ్ళ బెంచీ దిగాలి. వచ్చే ఏడాది పిలుపు రాదు. షెడ్డు మూల ఒక పెట్టెలో స్టీరింగు తిప్పే మర చేతులు రెండు అప్పుడే సిద్ధంగా పడున్నాయి కూడా. వాటికి జీతం, సెలవులు, అభిప్రాయాలు ఉండవు. మధ్యాహ్నం విమానానికి కంపెనీ పెద్దావిడ డాక్టర్ ఆల్బర్స్ వస్తోంది. రెండింటికి, ప్రోగ్రాం పాసైందని కాగితం మీద సంతకం. ఆ కాగితంలో హిల్మా నంబరుకొక గడి ఉంది. పదకొండో నంబరు బండి వచ్చిందే పెద్దావిడ కోసం, అచ్చం షోరూములో అమ్మబోయేలాంటి బండి.

"టైర్లు చూద్దాం ముందు" అంది హిల్మా. అప్పుడే షెడ్డు వైపు నడక మొదలెట్టింది.

టైర్ల షెడ్డుకి కాపలాదారు, కార్యదర్శి, మహారాజు అన్నీ ఐనారే. నాలుగొందల టైర్లలో ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. ఇంట్లో తన మేజోళ్ళు ఎక్కడుంటాయో మాత్రం తెలీదు. విషయం వినగానే పదకొండో నంబరు చక్రం దగ్గర చతికిలబడి, బొటనవేలితో టైరు గీతలు తడిమాడు.

"ఇవి కొత్తవి. పైపొర ఇంకా పోలేదు. రెండొందల కిలోమీటర్లు తిరిగితేగానీ వీటికి పట్టు రాదు. ఏడో నంబరువి నలిగిన టైర్లు" అన్నాడు.

హెన్నింగ్ మొహం వెలిగింది. "చూశావా! టైర్లే!" మళ్ళీ 'నువ్వు'లోకి వచ్చేశాడు.

అరగంటలో దీని టైర్లు దానికీ, దాని టైర్లు దీనికీ ఎక్కించారు. హిల్మా ముందు ఏడో నంబరు నడిపింది. కొత్త టైర్ల మీద కాస్త జారింది, అయినా తోక మాత్రం అడిగిన వెంటనే వచ్చింది. ఏడున్నర. తర్వాత నలిగిన టైర్ల మీద పదకొండు నడిపింది. తోక మళ్ళీ ఆలోచించింది.

"ఐదున్నర" అంది దిగి. "టైర్లు తిన్నది అర మార్కే. మిగతా రెండున్నరా ఇంకెవరో తిన్నారు."

"ఇంకెవరుంటారు? బరువా? రెండు బళ్ళూ తూచాం. ఏడో నంబరు నలభై ఐదు కిలోలు ఎక్కువుంటే, దీనికి ఐనార్ ఇసుక మూటలు వేసి సరిచేశాడు. గాలి చూశాం. టైర్లు మార్చాం. ఇక మారంది ఒక్కటే" అని ఆగి, మర్యాదగా ఆమె వైపు చూశాడు హెన్నింగ్.

మారనిది హిల్మా. మారింది కూడా తనేనేమో అని మొదటిసారి అనిపించింది ఆమెకి. ఏప్రిల్ వస్తే యాభై తొమ్మిది. మోకాళ్ళు నొప్పులు పెడుతున్నాయి, చిన్న అక్షరాలకి కళ్ళజోడు వచ్చింది. ఒంట్లో మిగతావన్నీ ఒక్కొక్కటిగా సెలవు తీసుకుంటుంటే, బండి సంగతి పసిగట్టే ఆ ఒక్క భాగం మాత్రం ఎన్నాళ్ళు కొలువులో ఉంటుంది? ఆమె భయపడింది. ఇరవై మూడేళ్ళలో మంచు పగిలి ముందు చక్రం నీళ్ళలోకి దిగిన రోజున కూడా ఇంత భయపడలేదు.

పదకొండున్నరకి కాఫీ. ఆ ఊళ్ళో భూకంపం వచ్చినా కాఫీ వేళ మారదు. షెడ్డు వెనక గదిలో ఐనార్ చెక్క గిన్నెల్లో జున్ను ముక్కలు వేసి, వాటి మీద మరిగే కాఫీ పోశాడు. దాల్చినచెక్క బన్ను ఆమె ముందుకి జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఏడు అనెయ్యవే" అన్నాడు మెల్లిగా. "ఎనిమిదికీ ఏడుకీ తేడా ఒకటే. రూలు దాటదు. పెద్దావిడ సంతకం పెడుతుంది, హెన్నింగ్ ఇంటికి పోతాడు, నువ్వు బెంచీ మీద ఉంటావు."

"మరి ఆ తోక?"

"తోక కొన్నవాళ్ళది."

"ఐనార్!"

"సరే, సరే. ఆ మాట అనకూడదు. కానీ నువ్వు ఇంట్లో కూర్చుంటే నా సంగతేంటి? పొద్దున్నే నా చారుకి నాలుగు, నా గడ్డానికి మూడు అంటావు. నేను బతకలేను."

హిల్మాకి నవ్వు రాలేదు. కాఫీలోంచి జున్ను ముక్కని చెంచాతో తీసి, మళ్ళీ అందులోనే వేసేసింది. "చెప్పేస్తాను" అంది. "ఏడు. నాకే నా మీద నమ్మకం పోయాక ఐదుని పట్టుకుని వేలాడ్డం దేనికి?" ఆ మాట అనడం ఎంత అవమానంగా ఉందో ఆమెకి గొంతు దాటాక తెలిసింది. మొహం కనపడకుండా వెనక్కి తిరిగి, చేతితొడుగుల్ని హీటరు మీద పడేసింది. అవి చప్పుడు చేస్తూ పడ్డాయి.

"ఇంకా తడిగానే ఉన్నాయేం?" అన్నాడు ఐనార్. "రోజూ ఈపాటికి ఆరిపోయేవిగా."

"పదకొండులో ఎక్కడ ఆరేసి చావను? చోటేది?"

"ఎందుకుండదు? సీటు వెనక గొట్టం మీద వేసుకోవచ్చు కదా, ఏడో నంబరులో వేసుకున్నట్టు..."

అని ఆగిపోయాడు. హిల్మా వెనక్కి తిరిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాఫీ వేళ మధ్యలో లేచి పరిగెత్తడం ఆ షెడ్డు చరిత్రలో అదే మొదలు.

ఏడో నంబరు బండి తలుపు లాగి చూశారు. లోపల సీట్ల వెనక, నేల నుంచి పైకప్పు దాకా, అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా లావుపాటి ఉక్కు గొట్టాల పంజరం. బండి పల్టీ కొడితే డ్రైవరు నుజ్జు కాకుండా పెట్టేది. డిసెంబరులో ఒక ఆదివారం, హెన్నింగ్ ఇంకా రాకముందు, రక్షణ అధికారి పట్టుబట్టి బిగించి పోయాడు. షీటులో ఎవరూ రాయలేదు. అదేమైనా కనపడకుండా దాక్కుందా అంటే అదీ లేదు. హీటరు గాలి సరిగ్గా అక్కడ తగులుతుందని మొదటివారమే హిల్మా చేతితొడుగులు ఆరేసింది. ఆ తర్వాత ఐనార్ మేజోళ్ళు. ఆ తర్వాత రెండు టోపీలు, ఎండబెట్టిన రెయిన్‌డీర్ మాంసం మూట. ఈ మధ్య హెన్నింగ్‌గారి గళ్ళ మఫ్లరు కూడా. ఆరు వారాలుగా అందరూ దాన్ని దండెంగా వాడుకుంటుంటే, అది బండిలో భాగమని ఏ ఒక్కరికీ తోచలేదు. నలభై ఐదు కిలోలు ఎందుకు ఎక్కువున్నాయని అడక్కుండా రెండో బండిలో ఇసుక వేసిన ఐనార్ అయితే తన నెత్తి తనే మొట్టుకున్నాడు. ఆ ఊళ్ళో బండి తేలిగ్గా కనపడితే ఇసుక మూట వెయ్యడం అతనికి తాతనాటి అలవాటు.

హెన్నింగ్‌ని పిలుచుకొచ్చి చూపించారు. తన మఫ్లరు తను తీసుకుని మెడకి చుట్టుకున్నాడు.

"గొట్టాలు బిగిస్తే చట్రం గట్టిపడుతుంది, నిజమే. గట్టి చట్రంలో మూతి తిరిగిన వెంటనే తోక తిరుగుతుంది. మెత్తటి చట్రం ముందు తను మెలితిరిగి, ఆ తర్వాత తోకకి కబురు పెడుతుంది. అంతా నిజమే" అన్నాడు. "కానీ హిల్మా, ఈ మోడలు చట్రం అసలే రాయి. మా కాగితాల్లో అలాగే ఉంది. దీనికి గొట్టాలు పెడితే ఏం, తీస్తే ఏం?"

"కొలిచి చూడు."

"కొలిచే యంత్రం జర్మనీలో ఉంది. డాక్టర్ ఆల్బర్స్ గంటలో ఇక్కడుంటుంది."

"ఐనార్, నీ గాలం పెట్టె తీసుకురా" అంది హిల్మా.

అర్యెప్లోగ్‌లో మంచుకి బెజ్జం పెట్టి చేపలు పట్టని మొగాడు లేడు. ఐనార్ దగ్గర సాగని దారం ఉంది, ఎనిమిది పోగులు పేనింది. పదకొండో నంబరు వెనక తలుపెత్తి, ఆ వాకిలికి ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకి దారాన్ని బిగించి కట్టాడు. వేలితో మీటాడు. టింగుమంది. ఐనార్ చర్చిలో పాడతాడు, శనివారాలు అకార్డియన్ వాయిస్తాడు. తల పంకించి, ఆ స్వరాన్ని గొంతుతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఎత్తు" అంది హిల్మా.

హెన్నింగ్ జాకీ పెట్టి ముందు కుడి చక్రం ఒక్కదాన్నే నేలనుంచి లేపాడు. హిల్మా దారం మీటింది. ఈసారి డుబ్బుమంది. సగం నిద్రలో ఉన్నవాడు పలికినట్టుంది. ఐనార్ గొంతులోని పాట ఒకటి, దారం మాట ఒకటి.

"మూడు మెట్లు దిగింది" అన్నాడు ఐనార్.

అదే దారం ఏడో నంబరుకి కట్టారు. చక్రం లేపారు. మీటారు. టింగు టింగుగానే ఉంది. చేతితొడుగులు మోసిన గొట్టాలు బండిని ఎటూ కదలనివ్వలేదు.

హెన్నింగ్ ఇంకోసారి మీటాడు. ఇంకోసారి. తను ఆరు వారాలు పాఠాలు చెప్పింది ఎవరూ కొనబోని బండికి. ఆ పాఠం అప్పజెప్పమని ఇప్పుడు వేరే బండిని నిలదీస్తున్నాడు. పప్పులో కాలేశానని అతనికి పూర్తిగా అర్థమైన ఆ నిమిషంలోనే, షెడ్డు తలుపు తెరుచుకుని చలిగాలితో పాటు డాక్టర్ ఆల్బర్స్ లోపలికొచ్చింది. పొట్టి మనిషి, తెల్ల జుట్టు, చేతిలో సంతకాల ఫైలు.

బండి వెనక గాలపు దారం, దాని ముందు గొంతుక్కూర్చున్న ముగ్గురు.

"నా బండిలో చేపలు పడుతున్నారా?" అంది. "ఏమైనా పడిందా?"

"హెన్నింగ్ పడ్డాడు" అంది హిల్మా.

హెన్నింగ్ లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "డాక్టర్ ఆల్బర్స్, హిల్మా ఈ బండికి ఐదు వేసింది. నేను ఆమె మార్కు తప్పన్నాను. తప్పు నాది" అన్నాడు. పంజరం, ఇసుక, దారం అన్నీ ఉన్నవున్నట్టు చెప్పాడు. మేజోళ్ళ సంగతి కూడా దాచలేదు. అతని మీద అప్పటిదాకా ఉన్న కోపమంతా హిల్మాకి అక్కడికక్కడే పోయింది.

పెద్దావిడ ఫైలు ఐనార్ చేతిలో పెట్టి, పదకొండో నంబరు తాళాలు తీసుకుని తనే మలుపుకి వెళ్ళింది. నాలుగు చుట్లు తిరిగింది. వచ్చి దిగాక కళ్ళజోడు సరిచేసుకుని, "నాలుగున్నర" అంది.

"అంత లేదు" అంది హిల్మా వెంటనే. "ఈ టైర్ల మీద ఐదున్నర. పాపం దాన్ని అన్యాయంగా కొయ్యకు."

ఆ రోజు ఎవరూ దేని మీదా సంతకం పెట్టలేదు. హిల్మా గడిలో 'ఐదున్నర' పడింది. దాని పక్కన డాక్టర్ ఆల్బర్స్ తన చేత్తో 'సరైనది' అని రాసింది. మర చేతుల పెట్టెని ఐనార్ అడక్కుండానే తీసుకెళ్ళి నలిగిన టైర్ల వెనక సర్దాడు. అది మళ్ళీ ఎక్కడుందో తనకి గుర్తులేదంటాడు.

హెన్నింగ్ మూడు వారాలు ఎక్కువ ఉండిపోయాడు. పదకొండో నంబరు బండిని మొదటినుంచీ కూర్చోబెట్టి మళ్ళీ నేర్పాడు. తోక ఆలోచనలో పడకముందే యంత్రం మెత్తగా చెయ్యి వెయ్యాలి, మీద పడ్డాక చితకబాదకూడదు. రోజుకి పదిసార్లు హిల్మాని నడపమనేవాడు, దిగాక కంప్యూటరు మూసి ముందు ఆమె మొహం చూసేవాడు. ఆరు, ఆరున్నర, ఏడు. మార్చి మధ్యకొచ్చేసరికి మంచు మీద నీళ్ళ పొర తేలడం మొదలైంది.

ఆఖరి రోజున ఆమె దిగి, "ఎనిమిదిన్నర" అంది. హెన్నింగ్ ఎగిరి గంతేశాడు, దిగాక ఇంజినీరు బుద్ధి పోనిచ్చుకోక అడిగాడు.

"తొమ్మిది ఎందుకు కాదు? తోకలో ఏమైనా..."

"తోక బంగారం. అర మార్కు చేతితొడుగులకి పోయింది. ఇప్పటికీ ఒళ్ళోనే పెట్టుకుని నడుపుతున్నాను."

అతను నవ్వలేదు. ఆ మాటని ఉన్నదున్నట్టు రిపోర్టులో టైపు చేసి, టైర్ల షెడ్డు వైపు వెళ్ళాడు. పావుగంటకి వచ్చి, "ఇంకొక్క చుట్టు" అన్నాడు.

హిల్మా బండెక్కింది. సీటు వెనక, అటు కొక్కెం నుంచి ఇటు కొక్కేనికి, ఐనార్ గాలపు దారం అడ్డంగా కట్టి ఉంది. హీటరు గాలి సరిగ్గా తగిలే చోటు. వేలితో మీటి చూసింది, వదులుగా ఉంది. చట్రానికి బలం ఇచ్చేంత బిగువు కాదు. పక్క సీటు మీద షీటు. అందులో అన్నిటికన్నా కింద కొత్త గడి గీసి ఉంది: 'దారం ఒకటి, బరువు మూడు గ్రాములు, హిల్మా కోసం.'

చేతితొడుగులు దాని మీద వేసి మలుపు తిరిగి వచ్చింది. అద్దం దించి, "తొమ్మిది" అంది.

ఇరవై మూడేళ్ళలో ఆ నోట ఆ అంకె రావడం అదే మొదటిసారి. మిగతా ఒక్కటీ ఎక్కడ పోయిందని హెన్నింగ్ అడగబోయాడు. ఐనార్ అతని భుజం పట్టుకుని ఆపేశాడు.

"అడక్కు" అన్నాడు. "నేను ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నాను."